రాళ్లు పడ్డా బడి మానని పంతులమ్మ

ఊరి బడిలో పంతులమ్మ పాఠం చెప్పడం నేడు ఎవరికీ వింత కాదు. పొద్దున్నే బస్సు దిగి, భుజాన సంచీ, చేతిలో అన్నం గిన్నెతో బడి వైపు నడిచే పంతులమ్మలు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. కాని ఒక ఆడమనిషి పిల్లలకు అక్షరాలు దిద్దించడమే నేరమై, ఆమె నడిచే వీధిలో రాళ్లు వేసిన రోజులు మన దేశంలో ఉన్నాయి. ఆ రాళ్ల దెబ్బలు తిని, మర్నాడు మళ్లీ అదే దారిన బడికి వెళ్లిన మహనీయురాలు సావిత్రీబాయి పూలే.

ఆమె పుట్టిన రోజైన జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరపాలని తెలంగాణ ప్రభుత్వం 2025లో ఉత్తర్వులిచ్చింది. ఆ నాడు ఆమె పటానికి దండ వేసే పిల్లలకు ఆమె పేరు తెలుసు. అయితే ఆమె పడిన అగచాట్లు ఎలాంటివో తెలిసినవారు తక్కువ. పాఠం చెప్పడం ఆమెకు కష్టం కాలేదు. ఇల్లు దాటి బడి చేరుకోవడమే కష్టమైంది.

తొమ్మిదో ఏట పెళ్లి

సావిత్రీబాయి 1831లో మహారాష్ట్రలోని సతారా జిల్లా నాయగావ్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఖండోజీ నేవసే ఆ ఊరి పాటిల్, అంటే మన వైపు పటేల్ వంటివాడు. తల్లి లక్ష్మి. వారిది పూలతోటలు, కూరగాయలు సాగుచేసే మాలీ కులం. ఇంట్లో తిండికి లోటు లేదు. కాని ఆడపిల్లకు చదువు చెప్పించాలన్న ఊహ ఆ రోజుల్లో ఏ ఇంట్లోనూ లేదు. చదువుకున్న ఆడదాని చేతి అన్నం మగని విస్తట్లో పురుగులై పోతుందని చెప్పుకునే కాలమది. ఆ మాట నమ్మి ఎన్ని ఇళ్లలో ఆడపిల్లలను పలక ముట్టనివ్వలేదో లెక్కలేదు.

1840లో, తొమ్మిదేళ్ల ప్రాయంలో, ఆమెను పూనాకు చెందిన జ్యోతిరావు పూలేకు ఇచ్చి పెళ్లి చేశారు. నేటి పుణె నగరాన్నే నాడు పూనా అనేవారు. వరుడికి పదమూడేళ్లు. పూలవ్యాపారం చేసే కుటుంబం కాబట్టి ఇంటిపేరు పూలే అయింది. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్న జ్యోతిరావును దగ్గర బంధువైన సగుణాబాయి పెంచింది. తండ్రి గోవిందరావు కొడుకును కొంతకాలం బడి మాన్పించి తోటపనికి పెట్టాడు. కుర్రవాడి తెలివి చూసిన ఇరుగుపొరుగు పెద్దలు నచ్చచెప్పడంతో మళ్లీ స్కాటిష్ మిషన్ బడిలో చేర్చాడు. తన చదువు ఎలా ఆగిందో, ఎలా సాగిందో జ్యోతిరావు మరచిపోలేదు. భార్యకు చదువు చెప్పాలని పూనుకున్నాడు.

పగలు తోటలో పని చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు చెట్టు నీడన కూర్చుని సావిత్రీబాయి, సగుణాబాయి ఇద్దరూ ఆయన దగ్గర అక్షరాలు నేర్చుకున్నారు. పుల్లతో మట్టిలో గీసి దిద్దుకునేవారని చెబుతారు. ఇంటి కోడలు చదువుతున్నదని తెలిస్తే వీధిలో మాట వస్తుంది. అందుచేత మొదట్లో ఆ చదువంతా గుట్టుగానే సాగింది.

అక్షరాలు వచ్చినంత మాత్రాన పాఠం చెప్పడం రాదు. ఆ సంగతి భార్యాభర్తలిద్దరికీ తెలుసు. ఆమె అహమ్మద్‌నగర్‌లో అమెరికా మిషనరీ మిస్ ఫారార్ దగ్గర, పూనాలో మిసెస్ మిచెల్ నడిపే నార్మల్ స్కూలులో శిక్షణ పొందారు. నార్మల్ స్కూలంటే నేటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వంటిది. పదిహేడేళ్ల వయసులో, తగిన తర్ఫీదుతో ఆమె ఈ వృత్తిలో అడుగుపెట్టారు.

భిడే వాడలో బడి

1848లో పూనా బుధవారపేటలోని భిడే వాడలో జ్యోతిరావు దంపతులు ఆడపిల్లల బడి తెరిచారు. తాత్యారావు భిడే అనే బ్రాహ్మణ గృహస్థుడు తన ఇంటిని అందుకు ఇచ్చారు. పూనా పీష్వాల రాజధానిగా వెలిగిన నగరం. ఆచారాల పట్టు గట్టిగా ఉన్న చోటు. అక్కడి నడిబొడ్డున, మన దేశస్థులు తమంతట తాము ఆడపిల్లల కోసం పెట్టిన మొదటి బడుల్లో ఒకటిగా అది మొదలైంది.

మొదట్లో చేరిన పిల్లలు పట్టుమని పదిమంది లేరు. వారికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పేవారు. కూతుర్ని బడికి పంపమని ఇంటింటికీ తిరిగి బతిమాలుకోవలసి వచ్చేది. ఈ ఏడు పంపిన తల్లి వచ్చే ఏడు పెళ్లి కుదిరిందని మాన్పించేది. చుట్టాలు ఏమంటారోనని కొందరు తండ్రులు నాలుగు రోజులకే పిల్లను వెనక్కి పిలిపించేవారు. చెప్పే పాఠం కంటే పిల్లలను నిలబెట్టుకోవడమే పెద్ద పని.

రెండు చీరల కథ

బడి ఇంటికి దూరం కాదు. కాని ఆ కాస్త దారి నడవడమే ఆమెకు రోజువారీ పరీక్షగా తయారైంది. పంతులమ్మ వస్తున్నదని తెలియగానే వీధి మలుపుల్లో కొందరు కాచుకుని ఉండేవారు. బూతులు తిట్టేవారు. పేడముద్దలు, బురద, రాళ్లు విసిరేవారు. ఒక ఆడమనిషి ఒంటరిగా వీధిలో నడిచి వెళ్లడమే తప్పు. పైగా శూద్ర కులపు ఆడమనిషి. పైగా చదువు చెప్పడానికి వెళుతున్నది. వారి కంటికి ఇన్ని తప్పులు ఒక్క మనిషిలో కనిపించాయి.

ఆమెకు తోడుగా వెళ్లిన బడి జవాను బల్వంత్ సఖారాం కోల్హే తర్వాతి కాలంలో ఈ సంగతులు చెప్పుకొచ్చాడు. పేడ పడిన చీరతో పిల్లల ముందు నిలబడలేక ఆమె ఎంతో బాధపడేవారట. అప్పుడు జ్యోతిరావు ఒక ఉపాయం చెప్పారు. దారిలో కట్టుకోవడానికి ఒక పాత చీర, బడిలో మార్చుకోవడానికి ఒక మంచి చీర. ఆనాటి నుంచి ఆమె సంచిలో ఒక చీర పెట్టుకుని బయలుదేరేవారు. బడికి చేరగానే చీర మార్చుకుని పాఠం మొదలుపెట్టేవారు. సాయంత్రం మళ్లీ ఆ పాత చీరే కట్టుకుని ఇంటిదారి పట్టేవారు.

విసిరేవాళ్లకు ఆమె చెప్పిన జవాబు కూడా కోల్హే చెప్పిన కథల్లో ఉంది. తన అక్కచెల్లెళ్లకు చదువు చెప్పే పనిలో ఉన్నానని, వారు విసిరేవి తనకు పూలుగానే తోస్తున్నాయని, వారికి దేవుడు మేలు చేయాలని చెప్పి ముందుకు సాగేవారట. అయితే ఆమెది ఓర్పు ఒక్కటే కాదు. ఒకనాడు ఒక మనిషి దారికి అడ్డం నిలిచి బడి మానకపోతే ఊరుకోనని బెదిరించాడని, ఆమె వెంటనే అతని చెంప ఛెళ్లుమనిపించారని, అప్పటి నుంచి ఆ అల్లరి తగ్గిందని చెబుతారు.

అత్తవారిల్లు విడిచి

వీధి పోరు అలా ఉండగా ఇంట్లో మరో పోరు మొదలైంది. కోడలు బడికి పోయి చదువు చెబుతున్నదని, అంటరానివారిగా చూసే మహార్, మాంగ్ కులాల పిల్లలకు కూడా చెబుతున్నారని కులపెద్దలు గోవిందరావును నిలదీశారు. వెలి వేస్తామన్నారు. గోవిందరావు చెడ్డవాడు కాడు. కులాన్ని కాదని బతకడం ఎలాగో తెలియని మనిషి. బడి మానండి, లేకుంటే ఇల్లు విడిచి వెళ్లండి అని కొడుకుకు చెప్పవలసి వచ్చింది. ఇది 1849లో జరిగింది.

జ్యోతిరావు ఇల్లు విడవడానికే సిద్ధపడ్డారు. సావిత్రీబాయికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. అత్తవారింట ఉండిపోవచ్చు. పుట్టింటికి వెళ్లవచ్చు. ఆ రోజుల్లో అత్తింటి గడప దాటిన కోడలికి ఊళ్లో విలువ ఏముంటుందో ఆమెకు తెలియనిది కాదు. అయినా భర్త వెంట నడిచారు. బడి కోసం ఇల్లు పోగొట్టుకున్నారు.

అప్పుడు ఆ దంపతులకు చోటిచ్చింది ఉస్మాన్ షేక్ అనే ముస్లిం గృహస్థుడు. ఆ ఇంట్లోనే సావిత్రీబాయికి ఫాతిమా షేక్ తోడు దొరికింది. ఇద్దరూ బడుల్లో కలిసి పనిచేశారు. ఒక ఆడమనిషి ఒంటరిగా చేయలేని పనిని ఇద్దరు కలిసి చేశారు.

ఆ తోడు విలువ ఎంతటిదో 1856లో సావిత్రీబాయి భర్తకు రాసిన ఒక లేఖ చెబుతుంది. అప్పుడు ఆమె జబ్బుపడి నాయగావ్‌లోని పుట్టింట్లో ఉన్నారు. ఒళ్లు కుదుటపడగానే వస్తానని, తాను లేనందువల్ల ఫాతిమా మీద పని భారం పడుతున్నదని, అయినా ఆమె సణిగే మనిషి కాదని ఆ లేఖలో రాశారు. మంచాన పడి ఉన్నా ఆమె మనసు బడి మీదే ఉంది. ఆ పుట్టింట్లో కూడా సుఖం దక్కలేదు. అంటరానివారి కోసం పనిచేసి వంశానికి మచ్చ తెస్తున్నారని తమ్ముడే తప్పుపట్టాడు. ఆమె అతనికి ఓపికగా నచ్చచెప్పారు. గొడ్డును తాకుతాము, పామును పూజిస్తాము, సాటి మనిషిని ఎందుకు తాకకూడదని అడిగారు. తమ్ముడి మనసు కొంత మెత్తబడిందని ఆ లేఖను బట్టి తెలుస్తుంది.

పెరిగిన బడులు

ఇన్ని ఇక్కట్ల మధ్య బడులు ఆగలేదు సరికదా పెరిగాయి. 1852 నాటికి పూనాలో ఆడపిల్లల బడులు మూడయ్యాయి. మహార్, మాంగ్ పిల్లలకు వేరుగా బడులు వెలిశాయి. పూలే దంపతుల బడిలోని ఆడపిల్లల సంఖ్య సర్కారు బడుల్లోని మగపిల్లల సంఖ్యకు పదిరెట్లు ఉన్నదని, అక్కడ చదువు మేలుగా చెప్పడమే అందుకు కారణమని 1852లో ఒక పూనా పత్రిక రాసింది. అదే ఏడు నవంబరులో సర్కారు వారు విశ్రామ్‌బాగ్ వాడలో సభ చేసి జ్యోతిరావుకు శాలువా కప్పి సత్కరించారు. 1853లో ఆడపిల్లలకు బహిరంగంగా పరీక్ష జరిపినప్పుడు చూడడానికి జనం వేల సంఖ్యలో తరలివచ్చారు.

పంతులమ్మ పనితనానికి అసలు కొలత ఆమె పిల్లలే. ఆ బడిలో చదివిన ముక్తాబాయి మాంగ్ కులపు పిల్ల. పదిహేనేళ్లయినా నిండని ఆ పిల్ల తన కులస్థుల దుఃఖాన్ని వివరిస్తూ ఒక వ్యాసం రాసింది. 1855లో జ్ఞానోదయ పత్రిక దాన్ని అచ్చువేసింది. బడి ముఖం చూడని కులంలోంచి వచ్చిన ఒక ఆడపిల్ల నేరుగా సమాజాన్ని ప్రశ్నించడం ఆ కాలానికి కనీవినీ ఎరుగని సంగతి. అంతకు ముందు ఏడాది, 1854లో, సావిత్రీబాయి స్వయంగా కావ్యఫులే అనే కవితల పుస్తకం వెలువరించారు. 1855లో రైతులకు, కూలీలకు రాత్రి బడి పెట్టారు. పగలు పొలం పనిచేసినవారు రాత్రి దీపం వెలుగులో అక్షరాలు నేర్చుకున్నారు.

బడి నడపాలంటే డబ్బు కావాలి. ఆ దంపతులు జీతం కోసం ఈ పనికి దిగినవారు కాదు. చందాల మీద, కొందరు దొరల సాయం మీద, సర్కారు ఇచ్చే కొద్దిపాటి గ్రాంటు మీద బడులు నడిచాయి. 1857 తిరుగుబాటు తర్వాత ఆ చందాలు తగ్గిపోయాయి. బడులకు గడ్డురోజులు వచ్చాయి. జీతం లేని పనిని ఇంట్లోవారు, వీధిలోవారు పని కింద లెక్కకట్టరు. ఆ బాధ సావిత్రీబాయి కూడా అనుభవించే ఉంటారు. 1882లో విద్యా స్థితిగతులు విచారించడానికి వచ్చిన హంటర్ కమిషన్‌కు సమర్పించిన పత్రంలో జ్యోతిరావు ఆడపిల్లల బడిలో తాను, తన భార్య కలిసి ఎన్నో ఏళ్లు పనిచేశామని చెప్పారు. ఆమె శ్రమకు సర్కారు కాగితంలో దక్కిన చోటు అది.

బడి దాటిన సేవ

బడిలో పిల్లలను చూసిన కళ్లకు వారి ఇళ్లలోని దుఃఖం కనిపించకపోదు. ఆ రోజుల్లో బాలవితంతువులు ఎందరో. గర్భం వస్తే ప్రాణం తీసుకోవడమో, పుట్టిన బిడ్డను చంపుకోవడమో తప్ప దారి లేదు. అలాంటివారు గుట్టుగా వచ్చి పురుడు పోసుకోవడానికి పూలే దంపతులు తమ ఇంటి వద్దే ఆశ్రయం ఏర్పాటు చేశారు. 1874లో కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు అలా వచ్చి కన్న మగబిడ్డను పిల్లలు లేని ఆ దంపతులు దత్తత తీసుకున్నారు. యశ్వంత్ అని పేరు పెట్టి, డాక్టరు చదివించారు. తమ ఇంటి నీళ్లతొట్టిని 1868లోనే అంటరానివారికి తెరిచి ఉంచారు.

1876, 1877 సంవత్సరాల్లో దక్కను అంతటా ఘోర కరువు పడింది. ఆ కరువు మన వైపు పల్లెలను కూడా పీల్చి పిప్పిచేసింది. 1877 ఏప్రిల్‌లో సావిత్రీబాయి జున్నర్ తాలూకా ఓతూరులో ఉండి కరువు పనులు చూస్తూ భర్తకు అక్కడి పరిస్థితులు రాశారు. పూలే దంపతులు, వారి సత్యశోధక సమాజం వారు కరువు పిల్లలకు అన్నం పెట్టే కేంద్రాలు నడిపారు.

1873లో స్థాపించిన ఆ సత్యశోధక సమాజానికి తెలుగువారితో కూడా సంబంధం ఉంది. అప్పటికే మన ప్రాంతం నుంచి బొంబాయికి వలసపోయి కట్టడం పనుల్లో స్థిరపడిన తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో వ్యంకు బాళోజీ కాళేవార్ వంటి కంట్రాక్టర్లు జ్యోతిరావుకు అండగా నిలిచారు.

కుండ పట్టిన చేతులు

1890 నవంబరు 28న జ్యోతిరావు కన్నుమూశారు. పాడె ముందు నిప్పుకుండ ఎవరు పట్టాలన్న దగ్గర చుట్టాలు పేచీ పెట్టారు. దత్తపుత్రుడికి ఆ హక్కు లేదన్నారు. గొడవ ముదురుతుండగా సావిత్రీబాయి ముందుకు వచ్చి కుండ తన చేతుల్లోకి తీసుకున్నారు. శవయాత్ర ముందు నడిచి, చితికి తానే నిప్పు పెట్టారు. స్త్రీలు శ్మశానానికి రావడమే నిషేధమైన కాలంలో జరిగిన సంగతి ఇది. ఏ వీధుల్లో ఆమె మీద పేడ వేశారో ఆ ఊళ్లోనే నలభై ఏళ్ల తర్వాత ఆమె భర్తకు తలకొరివి పెట్టారు.

భర్త పోయాక ఆమె మూల కూర్చోలేదు. సత్యశోధక సమాజం పనులు ముందుండి నడిపించారు. 1893లో సాస్వడ్‌లో జరిగిన సమాజ మహాసభకు అధ్యక్షత వహించారు.

1897లో పూనాలో ప్లేగు పెచ్చరిల్లింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. రోగిని ముట్టుకోవడానికి సొంతవాళ్లే జంకారు. సావిత్రీబాయి, డాక్టరు యశ్వంత్ కలిసి ఊరి బయట హడప్సర్ దగ్గర వైద్యశాల తెరిచారు. ముంఢ్వా మహార్ వాడలో పాండురంగ్ గాయక్వాడ్ అనే పిల్లవాడికి ప్లేగు సోకిందని తెలిసి ఆమె స్వయంగా వెళ్లారు. ఆ పిల్లవాణ్ని వీపున వేసుకుని వైద్యశాలకు మోసుకువచ్చారు. పిల్లవాడు బతికాడు. రోగం ఆమెకు అంటుకుంది. 1897 మార్చి 10న ఆమె తుదిశ్వాస విడిచారు. అప్పటికి అరవై ఆరేళ్లు.

నేటికీ ఆ దారి ఉంది

1998లో తపాలా శాఖ ఆమె పేరిట బిళ్ల విడుదల చేసింది. 2014లో పుణె విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. బడి మొదలైన భిడే వాడ శిథిలం కాగా, స్మారకం కట్టడానికి 2023 డిసెంబరులో ఆ పాత కట్టడాన్ని తొలగించారు.

ఇవన్నీ గౌరవాలే. అయితే ఆమె కథలో పల్లెవాసులు గమనించవలసింది మరొకటుంది. ఆమె నిలబడడానికి కావలసినవి పెద్దవేమీ కాదు. శిక్షణ ఇచ్చే చోటు ఒకటి. అండగా నిలిచిన భర్త. ఇల్లు ఇచ్చిన ఒక పొరుగు కుటుంబం. జబ్బుపడితే బడి చూసుకునే తోటి పంతులమ్మ. దారిలో తోడు వచ్చే జవాను. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా బడి ఆగిపోయి ఉండేదే.

నేడు పంతులమ్మ మీద ఎవరూ రాళ్లు వేయరు. కాని మారుమూల పల్లెకు వేసిన పంతులమ్మకు అద్దెకు ఇల్లు ఇవ్వడానికి వెనకాడే ఊళ్లు ఇంకా ఉన్నాయి. పొద్దున ఒక బస్సు, రాత్రి ఒక బస్సు తప్ప దిక్కులేని దారులున్నాయి. ఇంట్లో వంట, పిల్లలు, ముసలివాళ్ల సేవ ముగించి, బడిలో గంట కొట్టేసరికి చేరుకోవలసిన తొందర ఉంది. ఆలస్యమైతే ఆమెను ఆడిపోసుకునేవారు ఉన్నారు గాని, ఆమె ఏ వేళకు నిద్ర లేచిందో అడిగేవారు లేరు. మరుగుదొడ్డికి తాళం ఉన్నదా, అందులో నీళ్లు ఉన్నాయా అని చూసేవారు తక్కువ.

పూనా వీధిలో ఆ రోజు రాళ్లు విసిరినవారు కొందరే. చూస్తూ ఊరుకున్నవారు చాలామంది. తలుపు తెరిచి ఇంట్లోకి రమ్మన్నది ఉస్మాన్ షేక్ ఒక్కడే. జనవరి 3న బడిలో పటానికి దండ వేసే ఊరిపెద్దలు, ఆ పని అయ్యాక తమ పంతులమ్మకు ఏమి కావాలో ఒక్కమాట అడిగితే, ఆ దండకు అర్థం ఉంటుంది.